మట్టి గిలక్కాయ నుంచి సెన్సరీ సీసా దాకా: ఢిల్లీ పరిసరాల్లో పసిపిల్లల ఇంటి ఆటవస్తువుల చరిత్ర

ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్, గాజియాబాద్, ఫరీదాబాద్ నగరాల మధ్యతరగతి ఇళ్ళలోనూ, ప్లే స్కూళ్ళలోనూ, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు శిక్షణ ఇచ్చే కేంద్రాలలోనూ ఇటీవలి కాలంలో 'సెన్సరీ బాటిల్' అనే ఆటవస్తువు తరచుగా కనిపిస్తున్నది. వాడి పక్కన పెట్టిన పారదర్శకమైన ప్లాస్టిక్ సీసాను కడిగి ఆరబెట్టి, అందులో నీళ్ళు, గ్లిజరిన్ లేదా వంటనూనె, ఒకటి రెండు చుక్కల రంగు, కొన్ని చమ్కీలు, పూసలు పోసి, లేదా తడి లేకుండా బియ్యం, కందిపప్పు, రాజ్మా గింజలు మాత్రమే నింపి, మూతను జిగురుతో ఇక ఊడిరాకుండా బిగించి బిడ్డ చేతికి ఇస్తారు. బిడ్డ దానిని ఊపుతాడు, తలకిందులు చేస్తాడు, నేల మీద దొర్లిస్తాడు. లోపలి వస్తువుల కదలిక, రంగు, చప్పుడు, చేతికి తెలిసే బరువు అతని ఇంద్రియాలకు పని కల్పిస్తాయి. ఈ పేరు పడమటి నుంచి వచ్చింది, సీసా నిన్నమొన్నటిది. కాని మూసిన పాత్రలో ఏదో ఒకటి బంధించి దాని కదలికను పసివాడికి అందించాలన్న ఆలోచన ఉత్తర భారతంలో 4,000 ఏళ్ళకు పైబడినది. ఆ ఆలోచన ఎన్ని చేతులు మారి, ఎన్ని పదార్థాలలో రూపు దిద్దుకుని ఈనాటి సీసాలోకి చేరిందో తెలుసుకుంటే, దీనిని విదేశీ వేడుకగా కొట్టిపారేయడానికీ, అద్భుత చికిత్సగా కొలవడానికీ కారణం లేదని తేలుతుంది.

హరప్పా నాగరికత పరిణతి చెందిన దశలో, అనగా క్రీ.పూ. 2600 నుంచి 1900 వరకు గల కాలంలో, సింధు లోయ పట్టణాలలోని కుమ్మరులు పాత్రలతో పాటు పిల్లల కోసం చక్రాల బండ్లు, పిట్ట ఆకారపు ఈలలు, తల ఊపే ఎద్దులు, గుండ్రటి గిలక్కాయలు చేశారు. ఢిల్లీలో జనపథ్ మీద ఉన్న జాతీయ మ్యూజియంలోని హరప్పా విభాగం ఆ కాలపు కాల్చిన మట్టి బొమ్మలను నేటికీ చూపుతున్నది. ఆ నాగరికత తూర్పున ఎంత దూరం వ్యాపించిందో చెప్పడానికి పురావస్తు శాస్త్రజ్ఞులు పేర్కొనే ఆలంగీర్‌పూర్ స్థలం, నేటి జాతీయ రాజధాని ప్రాంతంలో భాగమైన మేరఠ్ జిల్లాలో, గాజియాబాద్, నోయిడాల పక్కగా పారే హిండన్ నది తీరాన ఉన్నది. 1958 ప్రాంతంలో అక్కడ తవ్వకాలు జరిగాయి. మట్టి గిలక్కాయ తయారీలో ఉన్న నేర్పు గమనించదగినది. పచ్చి మట్టితో బోలు గుండును చేసి, అది పూర్తిగా మూసుకోకముందే చిన్న మట్టి ఉండలను లోపల వేసి, అంచులు కలిపి, ఆపైన కాలుస్తారు. లోపలి ఉండలు గోడకు అంటుకుపోకూడదు, కాల్చేటప్పుడు గుండు పగలకూడదు, బిడ్డ ఎంత ఊపినా లోపలిది బయటికి రాకూడదు. కాలిన తరువాత ఆ గిలక్కాయకు మూత లేదు, అతుకు లేదు. దానిని పగలగొడితే తప్ప లోపలిది పిల్లవాడి నోటికి అందదు. సీసా మూతను జిగురుతో అంటించే నేటి తల్లి పడే జాగ్రత్తను ఆనాటి కుమ్మరి తన ఆవానికి అప్పగించాడు.

ఆటవస్తువు ఎలా ఉండాలో వ్రాతపూర్వకంగా నిర్దేశించిన ప్రాచీన గ్రంథాలలో చరక సంహిత ముఖ్యమైనది. ఆ వైద్య గ్రంథంలోని శారీర స్థానం, అనగా గర్భం, ప్రసవం, శిశు సంరక్షణల గురించి చెప్పే భాగం, ఎనిమిదవ అధ్యాయంలో శిశువు గదిని, పక్కబట్టలను వర్ణించిన తరువాత ఆటవస్తువుల ప్రస్తావనకు వస్తుంది. అవి రంగురంగులుగా ఉండాలి, శబ్దం చేయాలి, చూడముచ్చటగా ఉండాలి, బరువుగా ఉండకూడదు, మొనలు వాడిగా ఉండకూడదు, నోటిలో పట్టేంత చిన్నవి కాకూడదు, ప్రాణానికి హాని కలిగించేవి కాకూడదు, బిడ్డను భయపెట్టేవి కాకూడదు అన్నది ఆ విధి సారాంశం. ఇందులో మొదటి మూడు గుణాలు ఇంద్రియాలకు సంబంధించినవి, మిగిలిన ఐదు భద్రతకు సంబంధించినవి. ఆనందం కన్నా అపాయం మీద ఎక్కువ మాటలు ఖర్చు చేసిన ఆ వైద్యుని దృష్టి ఎంతో గౌరవించదగినది. నేటి ఆటవస్తువుల ప్రమాణాలు పేజీల కొద్దీ చెప్పే విషయాల బీజం ఆ ఒక్క వాక్యంలో ఉన్నది.

మట్టి తరువాత కర్ర, కర్ర తరువాత రేకు వచ్చాయి. ఆంధ్రదేశంలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన మీద తిప్పి, లక్క రంగు పూసి చేసే గిలక్కాయలు ఈ వంశంలోనివే. మొనలు లేని నున్నటి గుండ్రదనం వాటి ప్రత్యేకత. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు లభించింది. 2025 జనవరి 26న ఢిల్లీలో కర్తవ్య పథ్ మీద ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మలనే ఇతివృత్తంగా తీసుకుని నడవడం, రాష్ట్రాల శకటాలలో మూడవ స్థానం పొందడం ఢిల్లీ తెలుగువారికి గుర్తుండే ఉంటుంది. ఉత్తరాదిలో గిలక్కాయను 'ఝున్‌ఝునా' అంటారు. నూనె డబ్బాల, పాల పొడి డబ్బాల రేకును కత్తిరించి, రెండు చిప్పలుగా వంచి, లోపల గింజలో రాళ్ళో వేసి, అంచులు మడిచి, వెదురు పుల్లకు గుచ్చి సంతలలోను, రామలీలా తిరునాళ్ళలోను అమ్మిన రేకు ఝున్‌ఝునాలు పాత ఢిల్లీ బాల్యానికి చవకైన సంపద. పారేసిన వస్తువు నుంచి బొమ్మ పుట్టడం ఈ దేశపు వీథి కళాకారులకు కొత్త కాదు. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ఆచార్యుడు సుదర్శన్ ఖన్నా ఇటువంటి వీథి బొమ్మలను దశాబ్దాల పాటు సేకరించి, వాటి పనితీరును చిత్రాలతో సహా గ్రంథస్థం చేశారు. ఢిల్లీలోని నేషనల్ బుక్ ట్రస్ట్ ఆయన పుస్తకాన్ని ప్రచురించింది.

ఈ మొత్తం పరంపరలో ఒక లోటు ఉన్నది, సెన్సరీ సీసా చరిత్రకు అదే కీలకం. మట్టి గానీ, కర్ర గానీ, రేకు గానీ లోపలి దానిని చూపవు. వేల ఏళ్ళ పాటు గిలక్కాయ చెవికి, చేతికి మాత్రమే పని చెప్పింది. చప్పుడు ఎక్కడి నుంచి వస్తున్నదో బిడ్డ ఊహించుకోవలసిందే. లోపలిది కంటికి కూడా కనబడాలంటే గాజు కావాలి, గాజును పసివాడి చేతికి ఇవ్వలేరు. ఉత్తరాది పిల్లలకు ఈ ఇబ్బందిని దగ్గర నుంచి చూపిన వస్తువు గోలీ సోడా సీసా. హైరమ్ కాడ్ అనే ఆంగ్లేయుడు 1872 నాటికి రూపొందించిన ఈ సీసాలో, మెడ దగ్గర నొక్కుల మధ్య ఒక గాజు గోలీ ఉంటుంది. లోపలి వాయువు ఒత్తిడి దానిని పైకి నెట్టి మూతగా నిలుపుతుంది. చాందినీ చౌక్ ప్రాంతంలో 'బంటా' పేరుతో నేటికీ అమ్ముడవుతున్న ఈ సీసాలో గోలీ దొర్లుతూ, గణగణ మోగుతూ, వెలుగును విరుస్తూ కనిపిస్తుంది. కాని లోపలి గోలీ కావాలంటే సీసా పగలాలి, పగిలితే చేయి తెగుతుంది. కంటికి కనిపించే కదలికను పసిపిల్లల దాకా తేవడానికి పగలని గాజు వంటి పదార్థం దొరికేదాకా ఆగవలసి వచ్చింది.

ఈలోగా ఇంద్రియాల శిక్షణ అన్న భావన ఐరోపాలో వేరొక దారిలో ఎదిగింది. ఫ్రాన్సులో అవేరాన్ అడవుల నుంచి 1800లో జనావాసాలకు చేరిన, మాట రాని బాలునికి జాన్ ఇటార్ అనే వైద్యుడు స్పర్శ, వినికిడి, చూపులకు ఒక్కొక్కటిగా శిక్షణ ఇచ్చే ప్రయత్నం చేశాడు. ఆయన శిష్యుడు ఎదువార్ సెగాన్ ఆ పద్ధతిని బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు విస్తరించాడు. వీరిద్దరి రచనలను శ్రద్ధగా చదివిన ఇటలీ వైద్యురాలు మరియా మాంటిస్సోరి 1907లో రోమ్ నగరపు పేదవాడలో తెరిచిన బాలగృహంలో అదే సామగ్రిని సాధారణ పిల్లలకు వర్తింపజేశారు. ఆమె రూపొందించిన శబ్ద డబ్బాలు, అనగా లోపల వేర్వేరు పదార్థాలు నింపి మూసిన చిన్న కర్ర స్తూపాలు, జంటలుగా ఉంటాయి. బిడ్డ ఒక్కొక్కటి చెవి దగ్గర ఊపి, ఒకే చప్పుడు చేసే రెండింటిని కలుపుతాడు. గిలక్కాయ పాఠ్య సామగ్రిగా మారిన సందర్భం ఇది. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం పుట్టిన వస్తువు అందరి పిల్లల వద్దకు చేరడం అన్నది ఈ చరిత్రలో ఇక్కడ మొదలై, వందేళ్ళ తరువాత ఢిల్లీలో మళ్ళీ జరిగింది.

మాంటిస్సోరి 1939 నవంబరులో మద్రాసు అడయార్‌లోని దివ్యజ్ఞాన సమాజానికి వచ్చి, రెండవ ప్రపంచ యుద్ధ కాలమంతా భారతదేశంలోనే ఉండిపోయారు. అంతకు ముందే గుజరాత్‌లోని భావనగర్‌లో గిజూభాయి బధేకా 1920లో బాలమందిరాన్ని స్థాపించి ఆమె పద్ధతిని దేశీయం చేసే పని ఆరంభించారు. ఆయన సహకార్యకర్త తారాబాయి మోదక్ ఆ పనిని మహారాష్ట్ర తీరంలోని బోర్డీ గ్రామానికి, తరువాత కోస్బాడ్ కొండ మీది ఆదివాసుల పిల్లల మధ్యకు తీసుకుపోయారు. ఐరోపాలో వడ్రంగి నునుపు చేసిన కర్ర స్తూపాలు కొనలేని ఊళ్ళలో గవ్వలు, గింజలు, గులకరాళ్ళు, ఆకులు, కుండ పెంకులు ఆ పని చేయగలవని ఆమె ఆచరణలో చూపారు. చవకైన సామగ్రి అంటే తక్కువ రకం సామగ్రి కాదన్న నమ్మకం భారతీయ శిశువిద్యలో వేళ్ళూనడానికి వీరి కృషి కారణం.

స్వాతంత్ర్యానంతరం ఆ నమ్మకం ఢిల్లీలో ప్రభుత్వ విధానమయింది. ఇందులో తెలుగువారు గర్వించదగిన పాత్ర దుర్గాబాయి దేశ్‌ముఖ్‌ది. 1909లో రాజమండ్రిలో జన్మించి, మద్రాసులో ఆంధ్ర మహిళా సభను నిర్మించి, రాజ్యాంగ సభ సభ్యురాలిగా ఢిల్లీ చేరిన ఆమె, 1948లో రాజధానిలోని తెలుగు పిల్లల చదువు కోసం ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ ఏర్పాటుకు మూలస్తంభంగా నిలిచారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడినప్పుడు ఆమె దానికి తొలి అధ్యక్షురాలయ్యారు. మరుసటి ఏడాది నుంచి ఆ మండలి నడిపిన గ్రామీణ విస్తరణ పథకాలలో బాలవాడి, అనగా బడి ఈడు రాని పిల్లలను రోజూ కొన్ని గంటలు చేరదీసి ఆటపాటలు నేర్పే కేంద్రం, ముఖ్యమైన అంగం. బాలవాడికి పెద్ద భవనం లేదు, కొనుగోలు బొమ్మలకు డబ్బు లేదు. బాలసేవిక తన చేతులతో, ఊరిలో దొరికే వాటితో బొమ్మలు చేసుకోవలసిందే. ఆ తరం కార్యకర్తల పేర్లు ఏ గ్రంథంలోనూ నమోదు కాలేదు గాని, గింజలు నింపిన డబ్బాలు, గుడ్డ బొమ్మలు బడి సామగ్రిగా నిలదొక్కుకున్నది వారి శ్రమ వల్లనే.

రాజధానిలో పిల్లల కోసం ఆ దశాబ్దంలో మరికొన్ని సంస్థలు వెలిశాయి. 1956లో జాతీయ బాలభవన్, 1957లో కార్టూనిస్టు శంకర్ స్థాపించిన చిల్డ్రన్స్ బుక్ ట్రస్ట్ మొదలయ్యాయి. శంకర్ సేకరణ నుంచి పుట్టిన అంతర్జాతీయ బొమ్మల మ్యూజియాన్ని 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ బహదూర్ షా జఫర్ మార్గ్‌లో ప్రారంభించారు. అయితే అద్దాల వెనుక నిలబెట్టిన బొమ్మ చూసేందుకే గాని ఆడేందుకు కాదు. ఈ చరిత్రలో దాని పాలు కొద్దిపాటిదే.

అసలైన ప్రయోగశాలలు వేరే చోట ఉన్నాయి. 1969లో మహాత్మాగాంధీ శతజయంతి ప్రదర్శన కోసం రాజ్‌ఘాట్ దగ్గర నిర్మాణాలు జరుగుతుండగా, మట్టి మోసే కూలి తల్లుల పిల్లలు ఎండలో, దుమ్ములో పడి ఉండడం చూసిన మీరా మహాదేవన్ అక్కడే ఒక గుడారంలో శిశు సంరక్షణ కేంద్రాన్ని మొదలుపెట్టారు. పని ముగిసి కూలీలు మరొక చోటికి కదిలితే కేంద్రం కూడా వారి వెంట కదిలేది. అదే మొబైల్ క్రెషెస్ సంస్థ. ఢిల్లీ ఆకాశహర్మ్యాల నీడలో పెరిగిన ఈ సంచార శిశుశాలలకు బరువైన సామగ్రి పనికిరాదు. విప్పి మోసుకుపోగల, పోయినా మళ్ళీ చేసుకోగల ఆటవస్తువులే వాటికి గతి. పేదరికం విధించిన ఈ నియమం నుంచి చవకైన, తేలికైన, ఎక్కడైనా చేసుకోగల వస్తువు అన్న ఆదర్శం రూపొందింది. నేడు సంపన్నమైన ఇళ్ళలో తల్లిదండ్రులు ఉత్సాహంగా చేపట్టే పని, ఒకప్పుడు ఇదే నగరంలో భవన నిర్మాణ స్థలాల మధ్య అవసరం కొద్దీ సాగిన పనికి వారసత్వమన్న సంగతి మరుగున పడిపోవడం బాధాకరం.

1961లో ఢిల్లీలో స్థాపితమైన జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి, వాడుకలో ఎన్సీఈఆర్టీ, ఈ అనుభవానికి శాస్త్రీయ రూపం ఇచ్చింది. యూనిసెఫ్ సహాయంతో అక్కడ నడిచిన బాల మాధ్యమ ప్రయోగశాల మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల కోసం తక్కువ ఖర్చుతో చేయగల బొమ్మలను, పుస్తకాలను, శ్రవణ కార్యక్రమాలను తయారు చేయించి పరీక్షించింది. శిశు మనస్తత్వ పరిశోధకురాలు రాజలక్ష్మీ మురళీధరన్, శోభితా ఆస్థానాతో కలిసి వ్రాయగా 1991లో వెలువడిన పసిపిల్లల ఉద్దీపన కార్యక్రమాల పుస్తకం కార్యకర్తలకు చేతిపుస్తకంగా ఉపయోగపడింది. ఉద్దీపన అంటే బిడ్డ వయసుకు తగిన చూపు, శబ్దం, స్పర్శ, మాట, కదలికల అవకాశాలను పెద్దలు పూనుకొని కల్పించడం. ఆకలి తీరినంత మాత్రాన ఎదుగుదల పూర్తి కాదన్నది దాని వెనుక ఉన్న గ్రహింపు. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం, అనగా అంగన్‌వాడీల వ్యవస్థ, ఆ గ్రహింపును దేశమంతటికీ చేర్చవలసిన సాధనం. ఆచరణలో మాత్రం పౌష్టికాహార పంపిణీ, రిజిస్టర్ల నింపకం కార్యకర్త సమయాన్ని మింగివేయగా ఆట వెనకబడిపోయింది.

పారేసిన వస్తువులతో బొమ్మలు చేయడాన్ని గౌరవప్రదమైన విద్యగా నిలిపినవారిలో అరవింద్ గుప్తా పేరు ముందు వరుసలోనిది. కాన్పూర్ ఐఐటీలో ఇంజనీరింగ్ చదివి, మధ్యప్రదేశ్‌లో 1972లో మొదలైన హోశంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమంలో పల్లె బడుల మధ్య తన మార్గాన్ని కనుగొన్న ఆయన, తరువాత చాలా ఏళ్ళు ఢిల్లీ కేంద్రంగా పనిచేశారు. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబు, ఖాళీ రీఫిళ్ళు, సీసాలతో ఆయన చేసి చూపిన వందలాది బొమ్మలు పుస్తకాలుగా, దూరదర్శన్ చిత్రాలుగా ఎన్నో భాషల పిల్లలకు చేరాయి. 2018లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది.

పగలని గాజు వంటి పదార్థం గుప్తా ఢిల్లీలో పనిచేస్తున్న ఆ రోజులలోనే నగర వీథులలోకి వచ్చింది. అమెరికాలో డ్యూపాంట్ సంస్థ ఇంజనీరు నథానియల్ వైత్ 1973లో పేటెంట్ పొందిన పెట్ సీసా, అనగా పాలీఎస్టర్ జాతి ప్లాస్టిక్‌ను ఊది చేసిన సీసా, పారదర్శకమైనది, తేలికైనది, కింద పడితే పగలనిది. 1990ల ఆర్థిక సంస్కరణల తరువాత సీసా నీళ్ళు, శీతల పానీయాల వ్యాపారం విస్తరించడంతో అది ప్రతి ఇంటికీ చేరింది. గిలక్కాయకు వేల ఏళ్ళుగా ఉన్న లోటు దీనితో తీరింది: చప్పుడుతో పాటు చప్పుడు చేసే వస్తువు కూడా బిడ్డ కంటికి కనబడసాగింది. మిగిలిన సరుకు కోసం ఢిల్లీవాసి దూరం పోనక్కరలేదు. షాజహానాబాద్ పాత నగరంలో కినారీ బజారు పెళ్ళిబట్టల అంచులకు కావలసిన చమ్కీలకు, గోటాకు పేరుపడ్డది. ఖారీ బావలీ పప్పులు, దినుసుల మండీ. దాని పక్కనే ఉన్న తిలక్ బజారులో గ్లిజరిన్, రంగులు, సుగంధ ద్రవ్యాలు దొరుకుతాయి. సదర్ బజారులో పూసలు, బొమ్మలు టోకున అమ్ముతారు. ఒకే నడక దూరంలో ఇన్ని సరుకులు దొరికే నగరాలు అరుదు.

సీసాలో జరిగేది సరళమైన భౌతిక శాస్త్రమే. గ్లిజరిన్ నీటికన్నా బరువైనది, ఘన సెంటీమీటరుకు సుమారు 1.26 గ్రాములు, దాని చిక్కదనం గది ఉష్ణోగ్రత వద్ద నీటికి వెయ్యి రెట్లకు పైగా ఉంటుంది. అందువల్ల నీటిలో క్షణాలలో అడుగుకు చేరే చమ్కీ గ్లిజరిన్ కలిపిన నీటిలో నెమ్మదిగా, దారి మార్చుకుంటూ దిగుతుంది. సుమారు 0.91 సాంద్రత గల ఆవనూనె నీటి మీద తేలి రెండు పొరలుగా నిలిచి, ఊపినప్పుడు బుడగలుగా విడిపోయి మళ్ళీ కలుస్తుంది. ఢిల్లీ వాతావరణం ఇక్కడ ఒక ప్రత్యేక పాత్ర వహిస్తుంది: వేడికి గ్లిజరిన్ పలుచబడుతుంది, చలికి చిక్కబడుతుంది, కనుక మే నెలలో నలభై డిగ్రీలు దాటిన ఎండలో చురుకుగా దిగిన చమ్కీలే, అదే సీసాలో, జనవరి చలిలో అనేక రెట్లు మందగిస్తాయి. దక్షిణాది నుంచి వచ్చిన కుటుంబాలు అలవాటు కొద్దీ కొబ్బరి నూనె పోస్తే, సుమారు 24 డిగ్రీల కింద అది గడ్డకట్టి, చలి నెలలలో సీసాలో కదలిక నిలిచిపోతుంది.

'సెన్సరీ' అన్న విశేషణం ఈ సీసాకు వృత్తి చికిత్స, అనగా రోజువారీ పనులు చేసుకునే శక్తిని అభ్యాసాల ద్వారా పెంచే ఆక్యుపేషనల్ థెరపీ, రంగం నుంచి వచ్చింది. భారతదేశంలో ఈ శాస్త్రానికి 1950లో బొంబాయిలో కమలా నింబ్కర్ పునాది వేశారు. అమెరికాలో జీన్ ఏర్స్ 1972లో వెలువరించిన గ్రంథంలో, కంటి చెవి సమాచారంతో పాటు శరీర సమతౌల్యం, కీళ్ళ కండరాల నుంచి అందే స్థితి జ్ఞానం మెదడులో సరిగా సమన్వయం కానప్పుడు పిల్లల అభ్యసనం దెబ్బతింటుందని ప్రతిపాదించారు. అదే దశాబ్దంలో నెదర్లాండ్స్‌లో తీవ్ర వైకల్యం ఉన్నవారి కోసం మెత్తని వెలుగు, నెమ్మదైన బుడగల స్తంభాలు, మృదు సంగీతంతో 'స్నూజలెన్' గదులు రూపొందాయి. లక్షల ఖర్చయ్యే బుడగల స్తంభాన్ని కొనలేని ఇంటికి చమ్కీల సీసా దానికి దగ్గరి ప్రత్యామ్నాయం.

ఢిల్లీలో ఈ ఆలోచనలకు నేల సిద్ధం చేసినవారు ముఖ్యంగా తల్లులు. ఆటిజం అన్న పేరు వైద్యులలో కూడా చాలామందికి తెలియని రోజులలో, 1991లో మెర్రీ బరువా స్థాపించిన యాక్షన్ ఫర్ ఆటిజం తల్లిదండ్రులకే శిక్షణ ఇచ్చి, ఇంటినే అభ్యాస స్థలంగా మార్చే మార్గాన్ని చూపింది. సికింద్రాబాద్‌లో 1984లో ఏర్పడిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ, నేటి జాతీయ బుద్ధి వికాస దివ్యాంగుల సాధికారత సంస్థ, ప్రాంతీయ కేంద్రం ద్వారా రాజధాని ప్రాంతానికీ సేవలు అందిస్తున్నది. 2016 చివర వెలువడిన దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి ఆటిజాన్ని వాటిలో చేర్చింది. ఈ విస్తరణతో పాటు అతి విశ్వాసం కూడా పెరిగింది. ఇంద్రియ ఆధారిత అభ్యాసాలను సమగ్ర శిక్షణలో ఒక భాగంగా వాడవచ్చు గాని, వాటి ఫలితాలకు పరిశోధనాధారం పరిమితమని తల్లిదండ్రులకు చెప్పాలని అమెరికా శిశువైద్యుల అకాడమీ 2012లో వైద్యులకు సూచించింది. సీసా కలత చెందిన బిడ్డకు కాసేపు చూపు నిలిపే తావు ఇస్తుంది. ఆటిజాన్ని తగ్గిస్తుందని చెప్పి దానిని అమ్మేవారి మాట నమ్మదగినది కాదు.

2019, 2020 సంవత్సరాలు ఇంటి బొమ్మకు కొత్త ఊపునిచ్చాయి. భారత నాణ్యతా మండలి ఢిల్లీ, దాని పరిసరాల మార్కెట్ల నుంచి 121 రకాల దిగుమతి బొమ్మలను సేకరించి పరీక్షించగా 66.9 శాతం భద్రతా పరీక్షలలో విఫలమయ్యాయి. 2020 ఫిబ్రవరిలో బొమ్మల మీద దిగుమతి సుంకం 20 శాతం నుంచి 60 శాతానికి పెరిగింది. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు భారతీయ ప్రమాణాల సంస్థ ముద్ర తప్పనిసరి అయింది. మధ్యలో వచ్చిన కోవిడ్ నిర్బంధంతో ప్లే స్కూళ్ళు, చికిత్సా కేంద్రాలు మూతపడి, శిక్షకులు ఫోన్ల ద్వారా ఇంట్లోని వస్తువులతోనే అభ్యాసాలు చేయించవలసి వచ్చింది. ప్రభుత్వ విధానం కూడా ఇటువైపు మళ్ళింది. 2022 అక్టోబరులో పునాది దశ పాఠ్యప్రణాళిక, 2023 ఫిబ్రవరిలో 'జాదుయీ పిటారా' బొమ్మల పెట్టె, అదే ఏడాది మేలో ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అంగన్‌వాడీల కోసం 'పోషణ్ భీ పఢాయీ భీ' కార్యక్రమం, 2024లో పుట్టుక నుంచి మూడేళ్ళ వరకు 36 నెలలకు 140 కార్యక్రమాలు సూచించే 'నవచేతన' ఒకదాని వెంట ఒకటి వెలువడ్డాయి. బాలవాడి కార్యకర్తలు డెబ్బై ఏళ్ళ క్రితం ఆచరించినది ఈ పత్రాలలో విధానంగా తిరిగి వచ్చింది.

ఇంట్లో చేసిన బొమ్మకు ఏ ప్రమాణ ముద్రా ఉండదు కాబట్టి, చరకుడు చెప్పిన ఐదు జాగ్రత్తలు చేసేవారి మీదే పడతాయి. నీళ్ళలో ఉబ్బే జెల్ పూసలు బిడ్డ మింగితే పేగులో ఉబ్బి అడ్డుపడతాయి. మెరుపు కోసం వేసే చిన్న దీపాలలోని బటన్ బ్యాటరీ గొంతులో చిక్కితే గంటల వ్యవధిలోనే కణజాలాన్ని కాల్చివేస్తుంది. ఈ రెండూ సీసాలో ఉండనే కూడదు. గాజు ముక్కలు, అయస్కాంతాలు కూడా అంతే. గింజల సీసాలో తడి ఉంటే బూజు పడుతుంది, అంచుల దాకా నింపిన సీసా వేసవిలో ఉబ్బి మూత వదులవుతుంది. ప్లాస్టిక్ చమ్కీలు మురుగు ద్వారా యమునలో కలుస్తాయి కనుక పాత సీసాను వాష్‌బేసిన్‌లో ఒంపకుండా వడకట్టి పారవేయడం మంచిది.

ఢిల్లీలో పదివేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రాలు ఉన్నాయి. ఒక్కొక్క కేంద్రానికి కావలసింది నాలుగైదు ఖాళీ సీసాలు, గుప్పెడు గింజలు, మంచి జిగురు, వాటిని చేయడానికి రిజిస్టర్ల నుంచి విడిపించిన ఒక మధ్యాహ్నం. శిశు సంక్షేమ శాఖ ఆ మధ్యాహ్నాన్ని కార్యకర్తకు ఇవ్వాలి, చేసిన సీసాల మూతలను నెలకొకసారి తనిఖీ చేయించాలి, మూత కదిలిన సీసాను ఆ రోజే తీసివేసే అధికారం ఆమెకే వదిలిపెట్టాలి.